కాపీ మధ్యలో బోర్డు బిగుసుకుపోతోంది

ప్రశ్న: మా రైస్ మిల్లు కాటా లెక్కలు దాచడానికి చిన్న లైనక్స్ బోర్డు పెట్టుకున్నాం. ర్యామ్ 256 ఎంబీ. స్టోరేజ్ కార్డును నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, నేనే రాశాను. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) కూడా ఆ కార్డు మీదే. చిన్న ఫైళ్లు బాగానే ఎక్కుతాయి. సీజన్ లెక్కలన్నీ ఒకేసారి కాపీ చేస్తే బోర్డు బిగుసుకుపోయి, 120 సెకన్లుగా పని కదల్లేదని మెసేజ్ వస్తోంది. కార్డు మార్చినా అంతే.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తప్పు కార్డుది కాదు తమ్ముడూ. మీరు పంపిన కోడ్‌లో, డేటా రాసే ఫంక్షన్ లోపల ప్రతిసారీ కెమాలక్‌తో (kmalloc, మెమరీ అడిగే ఫంక్షన్) బఫర్, అంటే డేటా కాసేపు పెట్టుకునే చోటు, అడుగుతున్నారు, అదీ జీఎఫ్‌పీ కెర్నెల్ (GFP_KERNEL) ఫ్లాగుతో. "మెమరీ లేకపోతే ఏదో ఒకటి ఖాళీ చేయించి ఇవ్వు, అందాకా ఆగుతా" అని దానర్థం. ర్యామ్ నిండితే కెర్నెల్, అంటే లైనక్స్ గుండెకాయ, కొన్ని పేజీలను (మెమరీ ముక్కలను) స్వాప్‌లోకి పంపబోతుంది. స్వాప్ ఎక్కడుంది? మీ కార్డు మీద. రాయాల్సింది ఎవరు? మీ డ్రైవరే. అదేమో మెమరీ కోసం కూర్చుంది.

మీ మిల్లులోనే చూడండి. గోదాం నిండా బస్తాలు. వాటిని లారీకెక్కించాల్సిన హమాలీ "ముందు లోపల నాకు జాగా చేయండి" అని గడపలో ఆగిపోయాడు. జాగా చేయాల్సిందీ అతనే.

నల్లగొండలో మా ఇంట్లో ఇదే బగ్‌తో నేను మూడు రాత్రులు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. ఆ మెసేజ్‌తో వచ్చే కాల్ ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా, నిదానంగా చదివాకే దొరికింది: అడుగున మా డ్రైవర్ ఫంక్షన్, దాని పైన మెమరీ వెతికే ఫంక్షన్లు, అన్నిటికన్నా పైన డిస్కు పని కోసం ఎదురుచూపు. మీ ట్రేస్ కూడా అలాగే కింద నుంచి పైకి చదవండి.

ఫ్లాగును జీఎఫ్‌పీ నోఐఓ (GFP_NOIO) చేయండి. మెమరీ వెతుకుతూ డిస్కు పని మొదలుపెట్టొద్దని చెప్పినట్టు. కానీ అక్కడితో వదలకండి. అప్పుడు మెమరీ దొరక్క నల్, అంటే ఖాళీ జవాబు, రావచ్చు. అందుకే ప్రోబ్‌లోనే, అంటే డ్రైవర్ మొదలయ్యేటప్పుడే, కావలసిన బఫర్లు తీసి పక్కన పెట్టుకోండి. లేదా మెమ్‌పూల్ (ముందే దాచి ఉంచే మెమరీ నిల్వ) వాడండి. నాకైతే మొదటిదే ఇష్టం.

ఇంకో మాట. టైమవుట్ అయిన చోట బఫర్‌ని వెంటనే కెఫ్రీతో వదిలేస్తున్నారు. డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీని నేరుగా చదివే ఏర్పాటు) ఇంకా ఆ చోటే చదువుతూ ఉండొచ్చు. అప్పుడు కార్డు మీదికి వేరే ఎవరి డేటానో ఎక్కుతుంది, ఏ రైతు తూకమో తప్పు పడుతుంది. ముందు కార్డును రీసెట్ చేసి, అది ఆగిందని తేలాకే వదలండి.

మార్చాక బూట్‌లో మెమ్ పారామీటర్‌తో ర్యామ్‌ను 128 ఎంబీకి తగ్గించి, రాత్రంతా పెద్ద ఫైళ్లు కాపీకి పెట్టండి. వానాకాలం వడ్లు మిల్లుకి రాకముందే ఈ పరీక్ష అయిపోవాలి.