అద్దె ఇంట్లో దురాత్మ ఉందంటున్నారు, క్రైస్తవులుగా ఏం చేయాలి?

ప్రశ్న: "ఈమధ్యే బోడుప్పల్ వైపు ఒక అద్దె ఇంట్లోకి మారాం. అప్పటి నుంచి తెల్లవారుజామున మెలకువ వస్తుంది కానీ కాలూ చెయ్యీ కదలదు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది, నోరు పెగలదు. ఒకరోజు గేటు ముందు కోసిన నిమ్మకాయ, కుంకుమ కనిపించాయి. నాకూ మా ఆవిడకూ రోజూ గొడవలే. ఇంటికొచ్చిన ఒక ప్రార్థనాపరుడు ఇంట్లో దురాత్మ ఉందనీ, కొన్ని శుక్రవారాలు వరసగా వచ్చి విడుదల ప్రార్థన చేస్తాననీ, కానుకా నూనె ఖర్చూ మేమే పెట్టుకోవాలనీ అన్నారు. బైబిల్ ప్రకారం దయ్యాలు నిజంగా ఉన్నాయా? మమ్మల్ని మేం ఎలా కాపాడుకోవాలి?"

జవాబు:

వందనాలు బ్రదర్. నేను సికింద్రాబాద్‌లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పెరిగాను. పెళ్లయ్యాక మా ఆయన వాళ్ల పెంతెకోస్తు సంఘానికి వచ్చాను. దయ్యం అన్న మాట ఎప్పుడో గానీ వినపడని చోటా ఉన్నాను, వారం వారం మైకు పెట్టి వెళ్లగొట్టే చోటా ఉన్నాను. స్త్రీల ప్రార్థన బృందంతో ఇళ్లకు వెళ్తుంటాను కాబట్టి మీరు రాసినలాంటివి చాలానే విన్నాను.

ఉన్నాయా అంటే, ఉన్నాయనే బైబిల్ చెబుతుంది. దీన్ని నీళ్లు కలిపి చెప్పడం నాకిష్టం లేదు. కపెర్నహూము సమాజమందిరంలో అపవిత్రాత్మ పట్టినవాడు కేకలు వేయడం, గెరాసేనుల దేశంలో 'సేన' అని పేరు చెప్పిన దయ్యాలు దాదాపు 2,000 పందుల్లోకి పోవడం, ఇవన్నీ మార్కు సువార్తలో ఉన్నవే. ఆ కాలంలో జబ్బులకు అలా పేరు పెట్టారంతే అనే క్రైస్తవులూ ఉన్నారు. నేను ఆ గుంపులో లేను. కానీ మత్తయి 4:24 ఒకసారి తీసి చూడండి. యేసు దగ్గరికి తెచ్చినవాళ్ల జాబితాలో రోగులు వేరు, దయ్యం పట్టినవాళ్లు వేరు, చాంద్రరోగులు (మూర్ఛరోగులు) వేరు, పక్షవాతం వచ్చినవాళ్లు వేరు. అదే మత్తయి 17వ అధ్యాయంలో చాంద్రరోగంతో బాధపడే పిల్లవాడిలోంచి దయ్యం వెళ్లిందని ఉంది కదా అంటారు. నిజమే, రెండూ కలిసి ఉండొచ్చు. అంతమాత్రాన ప్రతి జబ్బునీ దయ్యం ఖాతాలో రాయమని కాదు.

మీ తెల్లవారుజాము సంగతికొస్తే, దానికి డాక్టర్లు స్లీప్ పెరాలిసిస్ అని పేరు పెట్టారు. కలలొచ్చే నిద్రలో మన ఒంటి కండరాలు సడలిపోయి ఉంటాయి, లేకపోతే కలలో పరిగెత్తినప్పుడల్లా మంచం దిగి పరిగెత్తాలి. ఆ సడలింపు వదలకముందే మెలకువ వస్తే, కళ్లు తెరుచుకుంటాయి గానీ ఒళ్లు కదలదు. గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ నొక్కుతున్నట్టు అనిపిస్తుంది. కాసేపట్లో దానంతటదే పోతుంది. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఉన్నా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువగా వస్తుంది. ఇల్లు మారే హడావిడిలో మీకు నిద్ర ఎంత ఉందో మీకే తెలియాలి. హైటెక్ సిటీలో నైట్ షిఫ్టులు చేసిన రోజుల్లో నాకూ వచ్చేది. మనసులో "యేసయ్యా" అనుకునేదాన్ని, భయం తగ్గేది. షిఫ్టు మారాక అసలు రావడమే తగ్గింది. ఈ రెండు ముక్కలూ కలిపి చెబితే మా ప్రార్థన బృందంలో కొందరు అక్కలు మొహం మాడ్చుకుంటారు. వాళ్లకు మొదటి ముక్క మాత్రమే సాక్ష్యం.

నిమ్మకాయ గురించి ఎక్కువ చెప్పను. అమావాస్య వచ్చిందంటే మన ఊళ్లో ఏ షాపు ముందు చూసినా పగిలిన గుమ్మడికాయ, ఏ మూడు దార్ల దగ్గర చూసినా దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలే. అవన్నీ ఎవరి ఇంటి దిష్టో. మీ గేటు ముందుదాన్ని చీపురుతో ఊడ్చేయండి. ఇశ్రాయేలును శపించమని బాలాకు రాజు బిలామును కూలికి పిలిపించుకుంటే, అతని నోట దీవెనే వచ్చిందని సంఖ్యాకాండంలో చదివిన మనం నిమ్మకాయకు వణకడమేంటి? ఇంకోమాట, దయచేసి ఎదురింటివాళ్లనో పక్కింటివాళ్లనో అనుమానించొద్దు. బాణామతి (చేతబడి) చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలంగాణ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అలాగే ఆషాఢంలో అమ్మవారికి ఎదురింటామె బోనం ఎత్తుకుంటే గుమ్మం మీద నూనె రాసుకునే విశ్వాసులూ ఉన్నారు. పొరుగువాణ్ని ప్రేమించమన్న వాక్యం ఆషాఢ మాసంలో రద్దవుతుందని ఎక్కడా లేదు.

ఇక ఎలా కాపాడుకోవాలన్నది. ఈ ప్రశ్నకు అందరూ అపొస్తలుడైన పౌలు ఎఫెసు ఊరి సంఘానికి రాసిన ఉత్తరం, అంటే ఎఫెసీ పత్రిక, 6వ అధ్యాయం చూపిస్తారు: సర్వాంగ కవచం, సత్యమనే దట్టి, నీతి అనే మైమరువు (ఛాతీ కవచం), విశ్వాసమనే డాలు, రక్షణ అనే శిరస్త్రాణం, వాక్యమనే ఖడ్గం. మా సండే స్కూల్లో పిల్లలకు అట్టముక్కలతో చేసి తొడిగిస్తాం కూడా. కానీ ఎఫెసు ఎలాంటి ఊరో చాలామంది చెప్పరు. అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అక్కడ మంత్రతంత్రాలు చేసేవాళ్లు విశ్వాసులయ్యాక తమ పుస్తకాలన్నీ తెచ్చి అందరి ముందూ కాల్చేశారు. లెక్క కడితే వాటి వెల 50,000 వెండి నాణేలు. అదే అధ్యాయంలో స్కెవ అనే యూదు యాజకుడి కొడుకులు ఏడుగురు యేసు పేరును మంత్రంలా వాడబోయి, దయ్యం పట్టినవాడి చేతిలో దెబ్బలు తిని బట్టల్లేకుండా పారిపోయారు. అంటే తాయత్తులూ మంత్రాలూ బాగా నడిచిన ఊరది. అలాంటి ఊరి సంఘానికి దురాత్మల నుంచి కాపాడుకోమని రాస్తూ పౌలు కట్టుకోవడానికి ఒక్క దారం ఇవ్వలేదు, గుమ్మానికి తగిలించడానికి ఒక్క వస్తువు చెప్పలేదు. చెప్పినవన్నీ బతుకులో ఉండాల్సినవే.

అదే పత్రికలో రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లండి. అపవాదికి (అంటే సాతానుకు) చోటియ్యవద్దు అన్న మాట 4:27లో ఉంది. దానికి ముందు వచనం దేని గురించో తెలుసా? కోపం గురించి. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలవనీయొద్దని. తర్వాత 5, 6 అధ్యాయాల్లో భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, దాసులు, యజమానుల సంగతి నడిచి, ఆ తర్వాతే కవచం వస్తుంది. మీ ప్రశ్నలో నన్ను నిజంగా ఆపింది నిమ్మకాయ కాదు, రోజూ గొడవలే అన్న ముక్క. మీ ఇంట్లో అపవాదికి తలుపు ఎక్కడ తెరుచుకుందని నన్నడిగితే నేను చూపించేది అక్కడే. గొడవ దురాత్మ వల్ల వచ్చిందని ఆ ప్రార్థనాపరుడు అని ఉంటారు. పౌలు వరస దానికి తలకిందులుగా ఉంది: ముందు కోపం, దాని వెంట అపవాదికి చోటు.

తలగడ కింద బైబిల్ పెట్టుకోవడం, తలుపు మీద 'యేసు రక్తమే జయం' స్టిక్కర్, రాత్రంతా ఫోన్‌లో 91వ కీర్తన పెట్టి వదిలేయడం, ఇవి తప్పని నేననను. మా అమ్మమ్మ కూడా పసిపిల్లల ఉయ్యాల్లో కొత్త నిబంధన పెట్టేది. కానీ తెరవని బైబిల్ తలకింద పెట్టుకుని ధైర్యంగా ఉండటం, హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉప్పల్ రింగ్ రోడ్డు ఎక్కడంలాంటిదే. 91వ కీర్తన సంగతైతే మరీ. యేసును శోధించేటప్పుడు దేవాలయ శిఖరం మీంచి దూకమని చెబుతూ సాతాను ఎత్తిన వాక్యం ఆ కీర్తనలోదే, దూతలు నిన్ను ఎత్తిపట్టుకుంటారని. వాక్యం వినపడితే సాతాను పారిపోతాడన్న లెక్క అక్కడే తప్పిపోయింది. వాడికి అది కంఠతా వచ్చు. పారిపోయేది దేవునికి లోబడినవాణ్ని చూసి. యాకోబు 4:7లో వరస కూడా అదే, ముందు దేవునికి లోబడండి, తర్వాత అపవాదిని ఎదిరించండి.

నూనె గురించి కూడా అడిగారు కదా. యాకోబు 5:14లో నూనె ఉంది. అయితే అక్కడ రోగి సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలి, వాళ్లొచ్చి నూనె రాసి ప్రార్థన చేయాలి. సీసా కొనుక్కోమని గానీ, కానుక ముందే కట్టమని గానీ లేదు. నా లెక్కలో వెల చెప్పిన రోజే అది ప్రార్థన కాకుండా పోతుంది.

మా బాబాయి కూతురు సంగతి చెబుతాను, ఎందుకంటే దీనికి భయపడే ఇంత పొడుగు రాస్తున్నాను. డిగ్రీ చదివేటప్పుడు దానికి ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడటం మొదలైంది. పక్కింటివాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారనేది, తినేది కాదు, స్నానం చేసేది కాదు. ఊరి బయట ఒక విడుదల కూడికకు తీసుకెళ్లారు. జుట్టు పట్టుకుని వంచారు, వీపు మీద చరిచారు, "నీ పేరేంటి, చెప్పు" అని చెవిలో అరిచారు. నిద్రాహారాల్లేని పిల్ల, చివరికి చనిపోయిన మా మేనత్త పేరు చెప్పింది. అంతా హల్లెలూయా అన్నారు. నాకు కడుపులో తిప్పింది. యేసు దయ్యాన్ని పేరడిగినట్టు సువార్తల్లో ఉన్నది ఒక్క సేన సంఘటనలోనే. మిగతా అన్నిచోట్లా ఒక్క మాటతో పొమ్మన్నాడు. ఇంటర్వ్యూలు చేయలేదు.

ఇంటికొచ్చాక పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. అప్పుడు మా పాత సంఘంలో రిటైరైన అయ్యగారు (పాస్టర్) ఒకాయన వచ్చారు. తల మీద చెయ్యి పెట్టి మెల్లగా ప్రార్థన చేసి, బాబాయిని వరండాలోకి పిలిచి, "ప్రార్థన నేను ఆపను. నువ్వు రేపు పొద్దున్నే ఎర్రగడ్డకు తీసుకెళ్లు" అన్నారు. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది కాబట్టి మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అన్న మాటను తిట్టుగా వాడతారు కదా, బాబాయి మొహం ఎర్రబడింది. అయినా వెళ్లారు. మందులు పనిచేయడానికి వారాలు పట్టింది, మధ్యలో ఒకసారి మార్చారు కూడా. ఇప్పుడు అది ట్యూషన్ పిల్లలకు లెక్కలు చెబుతోంది. మాత్రలు వేసుకుంటుంది, ఆదివారం క్వయర్‌లో పాడుతుంది. ఈ రెంటికీ గొడవేమీ రాలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా మాటలు వినపడటం, చచ్చిపోవాలనిపించడం ఉంటే విడుదల కూడిక కోసం ఆగకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. దయ్యం పట్టిందని మనిషిని గొలుసులతో కట్టేసే చోట్లు ఉన్నాయి. మానసిక జబ్బు ఉన్నవాళ్లను అలా గొలుసులతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

అలాగని నేను చూసినవన్నీ జబ్బులే అనను. యాప్రాల్ వైపు ఒక ఇంట్లో పాట మొదలుపెట్టగానే ఒకామె గొంతు మారి, మాలో ఎవరినీ ఎరగని మనిషి ఒక్కొక్కరినీ చూసి మాట్లాడిన మాటలు నాకు ఇవాళ్టికీ అంతుపట్టవు. మా పాస్టర్ గారు ఆమెను ముట్టుకోలేదు, గొంతు పెంచలేదు. యేసు నామంలో వెళ్లిపొమ్మని ఒక్కమాట అన్నారు. ఆమె కూలబడి ఏడ్చి, మంచినీళ్లు తాగి పడుకుంది. మర్నాడు పాస్టర్ గారే ఆమె భర్తకు ఫోన్ చేసి డాక్టర్ దగ్గర కూడా చూపించమన్నారు. అది విడుదలేనని నా నమ్మకం. రుజువు అడిగితే నా దగ్గర లేదు.

పాత సంఘాలు ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటాయో చూడండి. కతోలికుల్లో 1983 సంఘ చట్టం (కానన్ లా) 1172వ నియమం ప్రకారం బిషప్ గారి ప్రత్యేక అనుమతి లేకుండా ఏ గురువూ దయ్యం పట్టినవాళ్ల మీద భూతోచ్చాటన చేయకూడదు. 1999లో వెలువడిన సవరించిన భూతోచ్చాటన విధానంలో, ముందు జబ్బేమైనా ఉందేమో తేల్చుకోవాలనీ ఉంది. మరోపక్క, బాప్తిస్మంలోనే సాతానునూ వాడి క్రియలనూ విసర్జిస్తున్నానని ప్రతి ఒక్కరి చేతా, పసిబిడ్డలైతే వాళ్ల తరఫున పెద్దల చేతా, చెప్పించడం ఆ సంఘాల ఆచారం. మీరు అలా బాప్తిస్మం పొందినవాళ్లయితే ఆ మాట మీరో మీ తరఫున పెద్దలో ఎప్పుడో చెప్పేశారు. మీలో ఉన్నవాడు లోకంలో ఉన్నవాడికంటే గొప్పవాడని 1 యోహాను 4:4 అంటుంది. దాన్ని నమ్మి నిద్రపోవడమే రక్షణలో పెద్ద భాగం. కష్టాలే రావని కాదు. పౌలుకు కూడా సాతాను దూతగా, శరీరంలో ముల్లులాంటి ఒక బాధ ఉంది, మూడుసార్లు వేడుకున్నా దేవుడు దాన్ని తీయలేదు, నా కృప చాలన్నాడు.

కాబట్టి ఈ వారం ఇలా చేసి చూడండి. పడుకునే ముందు మీరిద్దరూ ఒకచోట కూర్చుని ఒక కీర్తన పైకి చదవండి, 91 అయినా సరే. ఆరోజు ఏమైనా మాటామాటా వచ్చి ఉంటే ప్రార్థనకు ముందే తేల్చుకోండి. ఇది చెప్పినంత తేలిక కాదని పెళ్లైనవాళ్లందరికీ తెలుసు. ఫోన్ పక్క గదిలో పెట్టి పక్కకు తిరిగి పడుకోండి. రావడం ఆగకపోతే డాక్టర్‌కు చూపించండి. మీ సంఘ కాపరిని పిలిచి ఇంటి కోసం ప్రార్థన చేయించుకోండి, టీ, బిస్కెట్లు చాలు.

శుక్రవారం ఆయన సంగతి. నేరుగా వద్దనడానికి మొహమాటమైతే, రండి గానీ ఆ సమయానికి మా పాస్టర్ గారూ సంఘపు పెద్దలూ కూడా ఉంటారు, కానుక మాత్రం ఇవ్వలేం అని ముందే ఫోన్‌లో చెప్పండి. నిజంగా మీ మేలు కోరే మనిషైతే సంతోషంగా వస్తారు. కాకపోతే ఆయనకు ఆ శుక్రవారం వేరే ఏదో కూడిక ఉంటుంది.