హెచ్‌1బీ మీద ఉన్నాను, తుపాకీ కొనుక్కోవచ్చా?

సందేహం: అమెరికాలో హెచ్‌1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను, నా భార్యది హెచ్‌4. ఈ మధ్య మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. నాకు నైట్ షిఫ్ట్ ఉన్నప్పుడు తను ఇంట్లో ఒక్కతే ఉంటుంది, టెన్షన్‌గా ఉంటోంది. ఆఫీసులో వాళ్లు ‘ఇక్కడ తుపాకీ అందరి హక్కు, సగం ఇళ్లలో ఉంటుంది, నువ్వూ కొనుక్కో’ అంటున్నారు. గ్రీన్‌కార్డు ఉన్న స్నేహితుడు తన పేరు మీద కొనిస్తానంటున్నాడు. చట్టపరంగా ఏమైనా ఇబ్బందా?

సలహా: కొనకండి, మీ స్నేహితుడితో కొనిపించకండి. మీ భయం నాకు అర్థమైంది, కానీ దొంగల కంటే పెద్ద ప్రమాదాన్ని మీరే ఇంట్లోకి తెచ్చుకుంటారు.

మీ ఆఫీసు వాళ్లు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో చెప్పింది, బయటికి తీసుకెళ్లే హక్కును కూడా 2022లో గుర్తించింది. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2023 సర్వేలో 32 శాతం పెద్దవాళ్లు తమకు సొంత తుపాకీ ఉందన్నారు, దాదాపు పదిలో నాలుగు ఇళ్లలో ఉందని తేలింది. అదే సర్వేలో 58 శాతం మంది చట్టాలు ఇంకా గట్టిగా ఉండాలన్నారు. తుపాకుల వల్ల భద్రత పెరుగుతుందా తగ్గుతుందా అంటే అటు 49, ఇటు 49 శాతం. అమెరికన్లే రెండుగా చీలిపోయిన మాటను మీకు ఖాయమైన హక్కులాగా చెప్పేశారు. పైగా ఆ చర్చ అంతా తుపాకీ పెట్టుకునే అర్హత ఉన్నవాళ్ల గురించి. మీ సంగతి వేరు.

ఫెడరల్ చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే కేంద్ర చట్టం, 18వ టైటిల్‌లోని 922వ సెక్షన్ ప్రకారం, నాన్ ఇమిగ్రెంట్ వీసా (తాత్కాలికంగా ఉండటానికి ఇచ్చేది) మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోకూడదు. ఈ నిషేధం 1998లో వచ్చింది. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 అన్నీ అందులోకే వస్తాయి. శిక్ష 15 ఏళ్ల వరకూ ఉండొచ్చు, 2022 దాకా అది పదేళ్లే ఉండేది. ‘దగ్గర పెట్టుకోవడం’ అంటే మీ పేరున బిల్లు ఉండటం కాదు. బీరువాలో ఉంది, తాళం మీ దగ్గరుంది, అక్కడ ఉందని మీకు తెలుసు అంటే చాలు. స్టూడెంట్ వీసా మీద వచ్చి, చదువు ఆగిపోయి స్టేటస్ (అక్కడ ఉండే చట్టబద్ధమైన అనుమతి) పోయిన ఒకతను షూటింగ్ రేంజ్‌కి వెళ్లి సరదాగా కాల్చాడు. అంతే, ఫెడరల్ కేసు పెట్టారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తను నిషేధం ఉన్న స్థితిలో ఉన్నానని అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. ఆ వాదన మీకు పనికొస్తుందనుకోకండి, మీ వీసా ఏమిటో మీకు తెలియదని ఎవరు నమ్ముతారు?

షాపులో కొనాలంటే ముందు 4473 అనే ఫారం నింపాలి. మీరు నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా అని అందులో సూటిగా అడుగుతారు. ‘కాదు’ అని టిక్ పెట్టి సంతకం చేస్తే అదొక్కటే వేరే నేరం. ప్రైవేటుగా ఎవరి దగ్గరైనా కొంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్లకు అర్హత ఉందా లేదా అనే తనిఖీ) ఉండదు కదా అని కూడా కొందరు చెబుతారు. ఆ అమ్మకాలకూ ఈ తనిఖీ ఉండాలని తుపాకీ ఉన్నవాళ్లలోనే ఎక్కువమంది సర్వేల్లో చెబుతూ వస్తున్నారు, ఫెడరల్ చట్టం మాత్రం ఇంకా అడగడం లేదు. అడగనంత మాత్రాన మీకు అనుమతి ఉన్నట్టు కాదు.

ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. కానీ ఆ లైసెన్సు గడువు తీరిన మర్నాడు ఇంట్లో తుపాకీ ఉంటే మీరు మళ్లీ నేరస్తులే, పైగా రాష్ట్రం చట్టాలు వేరేగా ఉంటాయి. మీలాంటివాళ్లకు నేనైతే ఈ దారి చెప్పను. మీ రాష్ట్రంలో లాయర్‌ని స్వయంగా కలవకుండా అసలే వద్దు.

ఇంటికి కెమెరాలు, అలారం, గట్టి తలుపు తాళాలు పెట్టించండి. మీరు లేని రాత్రి ఆవిడ 911కి ఎలా ఫోన్ చేయాలో, ఏ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకోవాలో ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

ఇక మీ స్నేహితుడి సంగతి. నిషేధం ఉన్న మనిషి కోసం తెలిసి కొనివ్వడం 2022 నుంచి ప్రత్యేక నేరం, దానికీ 15 ఏళ్ల వరకూ శిక్ష. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయవచ్చు. అతనికి ఈ సంగతి తెలిసి ఉండదు, మీ మీద అభిమానంతో అన్నాడు. ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి.