కిచెన్ అల్మరాలు విప్పకుండా పాత టైల్స్ తీయడానికి ఏ మిషన్ కొనాలి?

అల్మరాలు కదపకుండా వాటి ముందున్న పాత టైల్స్ తీయాలి, బ్రేకర్ (టైల్స్ పగలగొట్టే కరెంటు సుత్తి) కొనమంటారా అని అడిగారు. కొనకండి. బ్రేకర్ ఒక్క రోజు పని, అద్దెకు దొరుకుతుంది. కొనాల్సింది వేరే ఉంది.

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో కిందటేడు ఇదే పని పెట్టుకున్నాం. వంటగది మధ్యలో టైల్స్ ఒక పూటలో లేచిపోయాయి. పేచీ అంతా అల్మరాల దగ్గర చివరి జానెడులోనే. అక్కడ టైలు సగం బయట, సగం అల్మరా కింద ఉంటుంది. పనికొచ్చిన కుర్రాడు అదే ఊపులో ఉలి బిట్టు దాని కిందకి తోసి ఎత్తాడు. టైలు పగల్లేదు, దాని మీదున్న అల్మరా ప్లాస్టిక్ కాలు లేచింది. సింకు కింద తలుపు ఆ రోజు నుంచి సరిగ్గా మూసుకోదు. పైన గ్రానైట్ అతుకు దగ్గర వెంట్రుకంత సందు పడింది. ఇంటికొచ్చిన ప్రతి వాళ్లకీ మా ఆవిడ ఆ సందు చూపిస్తుంది.

అంచేత ముందు కోత, తర్వాతే దెబ్బ. అల్మరా కింద అడ్డంగా ఉండే స్కర్టింగ్ పలక చాలా మటుకు క్లిప్పులతో కాళ్లకి పట్టి ఉంటుంది, రెండు చేతులతో లాగితే ఊడొస్తుంది. వెనక సుమారు 4 అంగుళాల ఎత్తు ఖాళీ, కాళ్లు కనిపిస్తాయి. ఆ కాళ్లకి ముందు, స్కర్టింగ్ గీతకి ఒక అంగుళం లోపలగా కోయాలి. కొత్త టైలు అక్కడి దాకా వెళ్తే, స్కర్టింగ్ తిరిగి పెట్టాక కోత అంచు కనపడదు. కాళ్ల కింద టైలు అలాగే ఉండిపోతుంది, ఉండనివ్వండి.

ఆ సందులోకి 4 అంగుళాల గ్రైండర్, అంటే చక్రం తిరిగే చేతి కోత మిషన్, నిలువుగా దూరదు. దూరడం లేదని గార్డు (చక్రం చుట్టూ ఉండే రక్షణ రేకు) విప్పేస్తారు, మన దగ్గర అది మామూలే. దయచేసి విప్పనివ్వకండి. అక్కడ పనికొచ్చేది మల్టీటూల్: బ్లేడు తిరగదు, అటూ ఇటూ సన్నగా ఊగుతుంది. డైమండ్ పొడి అద్దిన అర్ధచంద్రాకారపు బ్లేడు వేయించుకోండి. విట్రిఫైడ్ టైలు మీద మహా నెమ్మది. అడుగు కోతకి ఒక టీ తాగి రావచ్చు. కొనమనేది దీన్నే. ముందువైపు ఖాళీ నేల మీద మాత్రం డైమండ్ బ్లేడు మార్బుల్ కట్టరే హాయి, లోతు టైలు మందానికి కొంచెం ఎక్కువగా పెట్టుకుంటే చాలు.

కోత పూర్తయ్యాక గది మధ్య నుంచి మొదలుపెట్టి అల్మరాల వైపుకి రండి. చివరి ముక్కలు సుత్తి, ఉలితోనే. ఉలి మొన ఎప్పుడూ గది వైపుకే చూడాలి.

మీది పాత ఇల్లై, గట్టు నిలువు కడప బండల మీద కూర్చుని ఉంటే, ఆ బండల దగ్గర బ్రేకర్ అసలు పెట్టొద్దు. నేల కూడా నాపరాళ్లదైతే మిషన్లతో పనే లేదు, అతుకులో గునపం దూర్చి ఒక్కో రాయీ లేపడమే.

దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోకండి. టైలు పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చేటు. మూతికి తువ్వాలు కడితే ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి, పనివాళ్లకీ ఇవ్వాలి. దుమ్ము అణగడానికి నీళ్లు పోస్తే ప్లైవుడ్ అడుగు ఉబ్బిపోతుంది, అల్మరాల పక్కన తడి స్పాంజితో సరిపెట్టుకోండి. సిలిండర్ ముందే పెరట్లోకి మార్చేయండి.