రీ: కంకర మడి మీద మురుగు నిలుస్తోంది

మీ 12 ఇళ్ల లేఅవుట్‌లో ఇళ్ల మురుగునీటిని శుద్ధి చేయడానికి మెట్టతామర మొక్కలు వేసిన కంకర మడి మీద నీళ్లు నిలిచి కంపు కొడుతున్నాయన్నారు కదండీ. నాకైతే దాని ముందున్న సెప్టిక్ ట్యాంకు మీదే అనుమానం. అందులో బురద నిండితే మలినమంతా కొట్టుకొచ్చి కంకర సందులు పూడిపోతాయి. బెంగళూరు దగ్గర సర్జాపూర్ వైపు మా దగ్గరా ఇదే గొడవ. నీళ్లు దిగే చోట మూరెడు తవ్వితే కంకర నల్లటి జిగురుతో ముద్దకట్టి ఉంది.

ముందు హనీసక్కర్ బండిని (సెప్టిక్ ట్యాంకు బురద పీల్చే లారీ) పిలిచి ట్యాంకు తోడించండి. తర్వాత ఆ చోట కంకర మాత్రం తీసి కడిగి వేయండి. మొత్తం మార్చాలని మేస్త్రీ అంటాడు, వినకండి. బయటికి పోయే గొట్టానికున్న ఎల్బో (వంపు ముక్క) తిప్పి నీటిమట్టాన్ని కంకర పైభాగానికి 5–10 సెంటీమీటర్లు కిందకు దించండి, దోమల బెడదా తగ్గుతుంది. ఇంతకీ వంటింటి నూనెకి గ్రీజ్ ట్రాప్ (జిడ్డును పట్టి ఆపే తొట్టి) పెట్టారా? లేకపోతే కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ.