అదురు ప్రొపెల్లర్‌దా, ఇంజన్‌దా? ముందు ప్లగ్గులు విప్పి చూడమనండి

మీరు అడిగింది: "మా అన్నయ్య అమెరికాలో కిట్టు కొని సొంతంగా చిన్న విమానం కట్టుకున్నాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తే బాగా అదురుతోందట. ప్రొపెల్లర్ మార్చమని అందరూ అంటున్నారట. నిజంగా ప్రొపెల్లర్‌దే తప్పా?"

మార్చొద్దని చెప్పండి. ఏమీ చూడకుండా ఎలా చెప్తావయ్యా అంటారేమో, ఆ "అందరూ" మా హ్యాంగర్ల దగ్గర కూడా ఉన్నారు. ఏది అదిరినా ప్రొపెల్లర్ అనేస్తారు, ఎందుకంటే ముందుకు పొడుచుకొచ్చి కళ్లకు కనిపించేది అదొక్కటే. కౌలింగు, అంటే ఇంజన్ మీది మూత, విప్పి లోపలికి చూడాలంటే మోకాళ్లు నొప్పి.

నేనుండేది డాలస్‌కి ఉత్తరాన. నాది జెనిత్ సీహెచ్ 750, రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజన్, 100 హార్స్‌పవర్. కిట్టు మెక్సికో నుంచి వచ్చింది. మెక్సికో దేశం కాదండీ, మిస్సోరీ రాష్ట్రంలో ఆ పేరుతో ఒక ఊరుంది, తెనాలికి ఫోన్ చేసిన ప్రతిసారీ ఈ ముక్క మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇంజన్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ప్రొపెల్లర్ మూడు బ్లేడ్లది, నేల మీద ఉన్నప్పుడు స్క్రూలు వదులు చేసి కోణం మార్చుకునే రకం.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మొదలైంది నా అదురు. ఐడిల్‌లో, అంటే పవర్ ఇవ్వకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, 1,800 నుంచి 2,500 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) మధ్య, బండి మొత్తం మలేరియా వచ్చినట్టు వణికేది. పక్క హ్యాంగర్ పెద్దాయన వచ్చి తల పంకించి ప్రొపెల్లర్ అన్నాడు, సరే అని బ్లేడ్ల కోణాలు కొలిచాను. ఒక బ్లేడు అర డిగ్రీ తేడాగా ఉంది. దొరికింది దొంగ అనుకుని సరిచేశాను. వణుకు అలాగే ఉంది. జూన్‌లో మూడు వందల డాలర్లు పోసి డైనమిక్ బ్యాలెన్స్ చేయించాను. గేర్‌బాక్సు మీద ఒక సెన్సార్, బ్లేడు వెనక మెరిసే టేపు ముక్క పెట్టి, ఇంజన్ తిప్పి, ఎక్కడ ఎంత బరువు తగిలించాలో లెక్క తీస్తారు. కొలత సెకనుకు ఇన్ని అంగుళాలు అని వస్తుంది. నాది 0.38 ఉండేది, 0.06కి దిగింది. 0.07 లోపు ఉంటే బ్రహ్మాండం కింద లెక్క. గాల్లో 5,000 ఆర్పీఎం దగ్గర ఇంజన్ ఉందా లేదా అన్నంత నున్నగా అయింది. దిగి థ్రాటిల్ (మన యాక్సిలరేటర్ లాంటిది) తగ్గించగానే మళ్లీ మలేరియా.

నా మట్టిబుర్రకు అక్కడే వెలగాల్సింది. బరువు తేడా వల్ల వచ్చే అదురు స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతుంది. స్పీడు పెంచితే తగ్గే అదురు ప్రొపెల్లర్‌ది ఎలా అవుతుంది? కానీ మూడు వందలు పోశాక మనసు ఒప్పుకోదు కదా, "కొంచెం తగ్గినట్టుంది" అని మా ఆవిడతో అన్నాను కూడా.

జూలైలో మా మామగారు వచ్చారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండటానికి వచ్చి, నాలుగో రోజుకే టీవీ మీద విసుగొచ్చి నాతో హ్యాంగర్‌కి బయల్దేరారు. ఆయనకి పాతికేళ్లు బజాజ్ చేతక్ ఉండేది. ప్రపంచంలో ఏ ఇంజన్ ఆగినా ఆయన దగ్గర ఒకటే మందు: ప్లగ్గు విప్పు, గరుకు కాగితంతో రుద్దు, ఊదు, పెట్టు. ఎగిరే ముందు నేను ప్రొపెల్లర్‌ని చేత్తో మెల్లగా తిప్పడం చూసి ఒకటే నవ్వు. ఈ ఇంజన్‌లో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, చేత్తో తిప్పితే అడుగున మిగిలిన ఆయిల్ గుడగుడమంటూ ట్యాంకులోకి వెళ్తుంది, ఆ చప్పుడు వినపడ్డాకే పుల్ల పెట్టి కొలవాలి. ఇంత వివరంగా చెప్తే ఆయన, "అంటే స్కూటర్‌ని పక్కకు వంచి స్టార్ట్ చేసినట్టే కదా బాబూ" అన్నారు. కాదు అనడానికి నాకు ఓపిక లేకపోయింది.

ఆ రోజు రెండు రౌండ్లు కొట్టి దిగాను. రన్‌వే మీంచి పక్కకి తిరిగి ట్యాక్సీవే మీదకి రాగానే ఇంజన్ రెండుసార్లు గడగడలాడి ఠక్కున ఆగిపోయింది. వెనకాల ఒక సెస్నా, దాని వెనక ఇంకోటి. రేడియోలో సారీ చెప్పి, దిగి, నలభై డిగ్రీల ఎండలో తోసుకుంటూ హ్యాంగర్ దాకా వచ్చాను. కంచె అవతల నిలబడి ఇదంతా చూసిన మామగారు నా చేతికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా అన్న మొదటి మాట: "ప్లగ్గు!"

కాదండీ, ఇందులో సిలిండర్‌కి రెండు, మొత్తం ఎనిమిది ప్లగ్గులు, రెండు వేర్వేరు ఇగ్నిషన్లు, ఎగిరే ముందు 4,000 దగ్గర ఒకటి ఆపి ఒకటి చూస్తాం, 300 ఆర్పీఎం మించి పడకూడదు, నాది అంత పడలేదు, కాబట్టి ప్లగ్గు కాదు అని లెక్చరిచ్చాను. ఆయన విని, "అయితే విప్పు, చూద్దాం" అన్నారు. పెద్దాయన మాట తీసేయలేక ఇంజన్ చల్లారేదాకా కూర్చుని, ఇద్దరం తెచ్చుకున్న పులిహోర తిని, ఎనిమిదీ విప్పి బల్ల మీద వరసగా పెట్టాను.

ఒక వైపు రెండు సిలిండర్లవి నాలుగూ చక్కగా బిస్కెట్ రంగులో ఉన్నాయి. రెండో వైపు నాలుగూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి.

ప్లగ్గుల్లో ఏ తప్పూ లేదు, మామగారు తప్పే. కానీ ఆ రంగులు చూశాక నా నోట మాట రాలేదు. తెల్లగా ఉందంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ఈ ఇంజన్‌కి పెట్రోలునీ గాలినీ కలిపిచ్చే కార్బరేటర్లు రెండు, వైపుకొకటి. ఒక వైపే తెల్లబడిందంటే ఆ వైపు ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. ఐడిల్‌లో థ్రాటిల్ మూసి ఉంటుంది కాబట్టి లోపల గట్టిగా పీల్చే శక్తి ఉంటుంది, చిన్న చిల్లు చాలు. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఆ పీల్పు తగ్గిపోతుంది, వెళ్లే గాలి ముందు చిల్లు లెక్కలోకి రాదు. మూడు నెలలుగా నా ఇంజన్ చెప్తున్నది ఇదే. పైగా అది ఐడిల్‌లోనే ఆగిపోవడం వల్ల ఆ రంగులు చెరగకుండా దొరికాయి, మామూలుగా నిండు పవర్ మీద ఎగిరొచ్చి విప్పి ఉంటే ఇంత స్పష్టంగా కనపడేవి కావేమో.

టార్చి పెట్టి వెతికితే పది నిమిషాల్లో దొరికింది. రెండు వైపులనీ కలిపే బ్యాలెన్స్ ట్యూబ్ ఒకటుంటుంది, దాని రబ్బరు పైపు చివర, సరిగ్గా క్లాంపు కింద, గోరంత చీలిక. మార్చిలో కార్బరేటర్లు సింక్ చేయడానికి, అంటే రెండూ సమానంగా పనిచేసేలా సర్దడానికి, గేజులు తగిలించడం కోసం ఆ పైపు పీకింది నేనే. తిరిగి తోసి క్లాంపు బిగించింది నేనే. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది: ఈ ఇంజన్‌కి రబ్బరు భాగాలన్నీ అయిదేళ్లకోసారి మార్చాలని మాన్యువల్లో రాసే ఉంటుంది, నాది సెకండ్ హ్యాండ్‌లో వచ్చేసరికే ఆరేళ్లది. "బాగానే ఉంది కదా" అని వదిలేశాను. కొత్త పైపు ముక్క, క్లాంపు కలిపి ఒక బిర్యానీ ఖరీదు కూడా కాలేదు. మిగతా రబ్బరంతా మార్చడానికి మాత్రం బాగానే వదిలింది, అది వేరే ఏడుపు. మళ్లీ సింక్ చేస్తే రెండు గేజుల ముళ్లూ ఒక్క చోట నిలబడ్డాయి, మలేరియా పోయింది. మామగారు మాత్రం తెనాలి వెళ్లి అల్లుడి విమానం ప్లగ్గు తానే బాగుచేశానని చెప్పుకుంటున్నారు.

మీ అన్నయ్యది కూడా రోటాక్స్ అయితే ఇంకో సుఖం ఉంది. ఇందులో గేర్ 2.43. అంటే ఇంజన్ 4,860 తిరిగితే ప్రొపెల్లర్ 2,000 తిరుగుతుంది. అదురు సెకనుకు 33 సార్లు వస్తే ప్రొపెల్లర్‌ది, 81 సార్లు అయితే ఇంజన్ క్రాంకుది (లోపల తిరిగే ఇరుసుది), 40 దగ్గర కనపడితే ఏదో సిలిండర్ సరిగా మండటం లేదు. బ్యాలెన్స్ చేసేవాళ్ల మెషిన్‌లో ఈ గ్రాఫు వస్తుంది, అడిగి తీసుకోవాలి, నేను అడగలేదు. లైకమింగ్ లాంటి ఇంజనైతే ప్రొపెల్లర్ నేరుగా క్రాంకుకే ఉంటుంది, మొదటి రెండూ ఒకే స్పీడు, ఈ తేడా దొరకదు. చెక్క ప్రొపెల్లర్ అయితే మాత్రం నా మాట పక్కన పెట్టి ముందు బోల్టులు చూడమనండి. గాల్లో తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, ఎండుతుంది, బోల్టుల బిగువు మారిపోతుంది.

ఇంకో మాట, ఇది మాత్రం సరదా కాదు. ప్రొపెల్లర్ ముట్టుకునే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, రెండు ఇగ్నిషన్ స్విచ్‌లూ ఆఫ్ చేసి, అయినా సరే అది ఏ క్షణమైనా తిరుగుతుందన్నట్టే నిలబడాలి. ఈ ఇంజన్లలో స్విచ్ ఆఫ్ చేయడమంటే ఇగ్నిషన్ వైరును బాడీకి కలపడం. ఆ వైరు ఎక్కడైనా తెగితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇగ్నిషన్ బతికే ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా కౌలింగు పక్కన చెయ్యి పెట్టి లీకు వెతికే హీరోలను కూడా చూశాను.

ఇక్కడ అమెరికాలో మనం కట్టిన బండి మనమే విప్పి బాగుచేసుకోవచ్చు, కట్టినవాడికి ఏడాదికోసారి తనిఖీ చేసుకునే సర్టిఫికెట్ కూడా ఇస్తారు. ముంబయిలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్‌కి 2016లో ఆ విమానాన్ని ప్రదర్శనలో జనం చూశాక కూడా ఎగిరే అనుమతి 2019 దాకా రాలేదు. అలాంటప్పుడు ఇక్కడ ఇంత వెసులుబాటు ఉండి కూడా, పానా పట్టకుండా అదురుతోంది ఏం కొనాలి అని అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. మీ అన్నయ్యని అనట్లేదు లెండి.

ఆయనది ఏ ఇంజనో, అదురు ఏ ఆర్పీఎం దగ్గర మొదలై ఏ ఆర్పీఎం దగ్గర తగ్గుతోందో, ఆఖరుసారి కౌలింగు విప్పినప్పుడు ఏం పీకి ఏం పెట్టారో కనుక్కుని కింద రాయండి. ఐడిల్‌లో ఆపి, చల్లారాక విప్పిన ప్లగ్గులు సిలిండర్ వరసలో పెట్టిన ఫొటో ఒకటి ఉంటే ఇంకా మంచిది.