బేస్‌బాల్: అంపైర్లు, నియమాలు, పాత తగాదాలు – మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: టీవీలో స్ట్రైక్ జోన్ చూపడానికి గీసే పెట్టె బయట పడ్డ బంతిని కూడా అంపైర్ స్ట్రైక్ అంటున్నాడు. 2026 నుంచి బాల్, స్ట్రైక్ తేల్చే ఏబీఎస్ యంత్రం వచ్చింది కదా! ప్రతి బంతినీ దానికే వదిలేయకుండా అంపైర్ తీర్పును దానితో సరిచూడమని అడిగే ఛాలెంజ్‌లు జట్టుకు రెండే ఇవ్వడం దేనికి?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ పెట్టె సంగతి చూద్దాం. జోన్‌లోంచి పోయే బంతిని బ్యాటర్ కొట్టకపోయినా స్ట్రైక్, బయటి నుంచి పోయేదాన్ని వదిలేస్తే బాల్. మూడు స్ట్రైకులకు బ్యాటర్ అవుట్, నాలుగు బాల్స్‌కు అతనికి మొదటి బేస్. బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. బంతి అడ్డుకొలత దాదాపు 2.9 అంగుళాలు. బంతిలో ఏ కొస జోన్‌కు తగిలినా స్ట్రైకే. అంటే బంతి నడిమధ్య ప్లేట్ అంచుకు ఒకటిన్నర అంగుళం అవతల ఉన్నా స్ట్రైక్ అయ్యే వీలుంది. లెక్కలోకి వచ్చే వెడల్పు 17 కాదు, దాదాపు 20 అంగుళాలు. కాబట్టి చుక్క మధ్యభాగం గీత దాటిందా అని కాదు, బంతి మొత్తం దాటిందా అని చూడండి. క్రికెట్ డీఆర్‌ఎస్‌లో ఉండే ‘అంపైర్స్ కాల్’ ఇక్కడ లేదు. వెంట్రుకవాసి తగిలినా స్ట్రైకే.

ఎత్తు దగ్గర అసలు చిక్కు ఉంది. నియమావళి ప్రకారం జోన్ పైగీత భుజాలకూ ప్యాంటు పైఅంచుకూ నడిమధ్యన, కిందిగీత మోకాలి చిప్ప కిందన ఉంటుంది. అదీ బ్యాటర్ కొట్టడానికి సిద్ధమైన భంగిమలో చూసి నిర్ణయించాలి. యంత్రానికి ఈ భంగిమతో పనిలేదు. ఆటగాణ్ణి నిలబెట్టి కొలిచిన ఎత్తులో 53.5 శాతం పైగీత, 27 శాతం కిందిగీత. ఆరడుగుల మనిషికి పైన 38.5 అంగుళాలు, కింద 19.4 అంగుళాలు. ఎంత వంగి నిలబడ్డా అంతే. ఇంకో తేడా: పుస్తకంలో జోన్‌కు లోతు కూడా ఉంది, ప్లేట్ మీద ఎక్కడ తగిలినా స్ట్రైకే. ఏబీఎస్ మాత్రం ప్లేట్ నడిమధ్య ఒక్క చోటే కొలుస్తుంది. ప్లేట్ ముందు అంచు దగ్గర జోన్ అడుగును తాకి, ఆ వెంటనే కిందికి జారిపోయే కర్వ్‌బాల్ పుస్తకం ప్రకారం స్ట్రైక్, యంత్రం ప్రకారం బాల్. యంత్రం అబద్ధం చెప్పదు, కానీ అది చెప్పేది పుస్తకంలోని జోన్ గురించి కాదు. ఈ వాదనలో చాలామంది మరిచిపోయే సంగతి ఇదే.

ఇక రెండే ఎందుకు? మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కిందున్న ట్రిపుల్-ఎ లీగుల్లో 2023లో వారంలో కొన్ని రోజులు ప్రతి బంతీ యంత్రానికి వదిలి, మిగతా రోజులు ఛాలెంజ్ పద్ధతి పెట్టి చూశారు. ఆటగాళ్లు మొగ్గింది ఛాలెంజ్ వైపే. 2024 మధ్య నుంచి అక్కడ అదొక్కటే మిగిలింది. నా ఉద్దేశంలో అది సరైన ఎంపిక. పూర్తిగా యంత్రానికి ఇచ్చేస్తే, ప్లేట్ వెనక బంతి అందుకునే క్యాచర్ చేసే ఫ్రేమింగ్ అన్న విద్యే పోతుంది. అంచున పడ్డ బంతిని గ్లవ్ కదలకుండా, మెత్తగా, లోపలికి అందుకోవడానికి క్యాచర్లు ఏళ్ల తరబడి సాధన చేస్తారు. ఛాలెంజ్ ఉంటే ఆ విద్యా ఉంటుంది, ఆట ఫలితం మార్చే ఘోరమైన తప్పూ దిద్దుకుంటుంది.

పద్ధతి తెలిస్తే చూడటం బాగుంటుంది. అడిగే హక్కు బ్యాటర్, బంతి విసిరే పిచర్, క్యాచర్ ముగ్గురిదే. టోపీనో హెల్మెట్‌నో తట్టాలి. వెంటనే తట్టాలి, డగౌట్ నుంచి సైగలు కుదరవు. గెలిస్తే ఛాలెంజ్ మిగులుతుంది, ఓడితే పోతుంది. రెండూ అయిపోయి ఆట అదనపు ఇన్నింగ్స్‌కు వెళితే, ఆ ఇన్నింగ్స్‌కు ఒకటి ఇస్తారు. 2025లో సీజన్ ముందు సాగే స్ప్రింగ్ ట్రైనింగ్ పరీక్షల్లో క్యాచర్ల అంచనాలే ఎక్కువ నిజమయ్యాయి, పిచర్లవి తక్కువ. విసిరాక తల ఒరిగిపోయే మనిషికి అంచు ఎలా కనబడుతుంది? మొదటి ఇన్నింగ్స్‌లో 0-0 కౌంట్ (బాల్స్, స్ట్రైకుల లెక్క) మీద ఛాలెంజ్ వాడే జట్టు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బేసులు నిండి 3-2 మీద ఉన్నప్పుడు చేతులు కట్టుకుని చూడాల్సి వస్తుంది.

ప్రశ్న: 2010లో పిచర్ గలరాగా పర్ఫెక్ట్ గేమ్ (ఎదుటి జట్టులో ఒక్కరూ బేస్ చేరని ఆట) అంపైర్ తప్పు వల్లే పోయిందని అంపైరే ఒప్పుకున్నాడు. 1983లో జార్జ్ బ్రెట్ హోమ్ రన్‌ను లీగ్ తిరిగి ఇచ్చింది. ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఇంకొకటా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బాధ న్యాయమైనదే. కానీ ఆ రెండూ ఒక రకం తప్పులు కావు.

1983 జూలై 24న యాంకీ స్టేడియంలో తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, యాంకీస్ 4-3తో ముందున్నారు. బ్రెట్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. బ్యాటు మీద పట్టు కోసం పూసే పైన్ తారు 18 అంగుళాలు దాటిందని యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ అడ్డుపడ్డాడు. అంపైర్ టిమ్ మెక్‌లెలండ్ బ్యాటును ప్లేట్ మీద పెట్టి కొలిచి బ్రెట్‌ను అవుట్ అన్నాడు. కొలత సరైనదే, శిక్షే తప్పు. అలాంటి బ్యాటును ఆట నుంచి తీసేయాలే గాని హోమ్ రన్ రద్దు చేయకూడదని లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ తీర్పిచ్చాడు. ఆగస్టు 18న ఆట అక్కణ్ణుంచే మళ్లీ మొదలై బ్రెట్ జట్టు రాయల్స్ 5-4తో గెలిచారు.

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగింది వేరు. 26 మంది వరసగా అవుటయ్యాక 27వ బ్యాటర్ జేసన్ డొనాల్డ్‌ను మొదటి బేస్ దగ్గర జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. రీప్లేలో స్పష్టంగా అవుట్. ఇక్కడ నియమం తప్పుగా వాడలేదు, కన్ను తప్పింది. కంటి తీర్పును ఆట ముగిశాక మార్చే దారి అప్పట్లో లేదు. రీప్లే 2008 నుంచి ఉన్నా హోమ్ రన్ వివాదాలకే పరిమితం. కమిషనర్ బడ్ సెలిగ్ కూడా మార్చలేదు. అప్పుడే దిద్ది ఉండాల్సిందని నేను గట్టిగా నమ్ముతాను. తర్వాతి బ్యాటర్ అవుటవడంతో ఆట అక్కడే ముగిసింది, కాబట్టి ఆ ఒక్క తీర్పు మార్చినా స్కోరులో ఎవరికీ నష్టం లేదు. బేసుల దగ్గర సేఫ్, అవుట్‌లకు రీప్లే 2014లో గాని రాలేదు.

ప్రశ్న: ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఎప్పుడు ఇస్తారో నాకెప్పుడూ అర్థం కాదు. 2012లో అట్లాంటాలో అవుట్‌ఫీల్డ్ గడ్డి మీద పడ్డ బంతికీ ఇచ్చారు!
– విజయవాడ నుంచి ఒక సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి

జవాబు: వరసగా ఇలా చూసుకోండి. ఇద్దరు అవుట్ కాకముందే అయి ఉండాలి. మొదటి, రెండో బేసుల మీద రన్నర్లు ఉండాలి, లేదా మూడూ నిండి ఉండాలి. బంతి పైకి లేచిన ఫెయిర్ బంతి (ఫౌల్ గీతల లోపలి బంతి) అయి ఉండాలి. నేరుగా దూసుకుపోయే లైన్ డ్రైవ్‌కూ, బంట్ ప్రయత్నానికీ ఇది వర్తించదు. ఇన్‌ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో పట్టగలగాలి. ఇవన్నీ ఉంటే, పట్టినా జారవిడిచినా బ్యాటర్ అవుట్. ఈ నియమం లేకపోతే ఫీల్డర్ కావాలని వదిలేసి, పరుగెత్తక తప్పని రన్నర్లిద్దరినీ అవుట్ చేసేస్తాడు.

నియమంలో ఎక్కడా గడ్డి, మట్టి అన్న గీత లేదు, ‘మామూలు ప్రయత్నం’ అనే ఉంది. 2012 అక్టోబర్ 5న కార్డినల్స్ షార్ట్‌స్టాప్ వెనక్కి పరుగెత్తి బంతి కిందికి చేరి, చివరి క్షణంలో పక్కకు తప్పుకున్నాడు. అంపైర్ చెయ్యి లేపడం మాత్రం చాలా ఆలస్యమైంది. రన్నర్లు జాగ్రత్తపడేందుకే ఆ సైగ. బంతి నేలకు చేరేముందు వస్తే దానివల్ల ప్రయోజనమేముంది? నియమం లెక్కన తీర్పును సమర్థించవచ్చు, ఆ ఆలస్యాన్ని సమర్థించలేం. మీ ఆటలో అంపైర్ ‘ఇన్‌ఫీల్డ్ ఫ్లై’ అన్నాక కూడా బంతి బతికే ఉంటుందని గుర్తుంచుకోండి. రన్నర్ సొంత పూచీ మీద పరుగెత్తవచ్చు. పట్టేస్తే మాత్రం తన బేస్ మళ్లీ తొక్కి కదలాలి.

ప్రశ్న: గడియారం లేని ఆటగా పేరున్న బేస్‌బాల్‌కు పిచ్ క్లాక్ తగిలించారు. సంప్రదాయం పోలేదా?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పోలేదు. బేసులు ఖాళీగా ఉంటే 12 సెకన్లలో విసరాలని 2007 నుంచే పుస్తకంలో ఉంది, అమలు చేసినవాళ్లే లేరు. 2023లో గడియారం పెట్టారు: ఖాళీగా ఉంటే 15 సెకన్లు, రన్నర్ ఉంటే 20. ఆ 20ని 2024లో 18 చేశారు. పిచర్ ఆలస్యం చేస్తే ఒక బాల్. 8 సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ సిద్ధం కాకపోతే ఒక స్ట్రైక్. 2023 స్ప్రింగ్‌లో అట్లాంటా, బోస్టన్ ఆట 6-6 మీద, బేసులు నిండి, 3-2 కౌంట్ దగ్గర బ్యాటర్ ఆలస్యంతోనే ముగిసింది. సగటు ఆట మాత్రం దాదాపు 24 నిమిషాలు తగ్గింది.

ఇంతకంటే పెద్ద మార్పులు పూర్వమే జరిగాయి. 1968లో పిచర్ల ముందు బ్యాటర్లు నిలవలేకపోయారు. అమెరికన్ లీగ్ బ్యాటింగ్ విజేత సగటే .301. మరుసటి ఏడాది పిచర్ నిలబడే దిబ్బ, అంటే మౌండ్‌ను 15 అంగుళాల నుంచి 10కి దించి, జోన్‌నూ కుదించారు.

ప్రశ్న: మొదటి బేస్ దగ్గర బంతీ, బ్యాటరూ ఒకేసారి వస్తే సేఫేనా?
– హ్యూస్టన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అక్కడ సేఫే. బ్యాటర్ చేరేలోపు బేస్‌ను తాకితేనే అవుట్ అని నియమం. ఫోర్స్‌లో ఉన్న (వెనక బ్యాటర్ వస్తుండగా ముందుకు పరుగెత్తక తప్పని) రన్నర్‌కు రెండో బేస్ దగ్గర ఇది తిరగబడుతుంది, బంతి కంటే ముందు అతనే చేరాలి. అయితే ‘ఒకేసారి’ అని ఏ అంపైరూ అనడు. మొదటి బేస్ దగ్గర అతను కళ్లు బేస్ మీద కాలిపై పెట్టి, చెవులతో గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు వింటాడు. ఏది ముందైతే అదే తీర్పు.