మనసు పేరు యంత్రం చేత చెప్పించొద్దు

అమ్మాయ్,

నువ్వు పంపిన బొమ్మలూ సర్క్యూటూ రెండూ చూశాను. ఒక కుర్చీ, వేళ్లకి రెండు రేకులు, ఎదురుగా తెర. కూర్చున్న మనిషి కోపంగా ఉన్నాడో సంతోషంగా ఉన్నాడో తెర మీద అక్షరాల్లో పడుతుంది. మన నెల్లూరు టౌన్‌హాల్లో ఇట్టాంటిది పెట్టాలని నీకు తోచినందుకే నాకు ఎంతో సంతోషంగా ఉంది. కానీ ఆ అక్షరాలు తీసెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఆ రేకులు కొలిచేది చెమటని. చెమట పడితే చర్మం మీద కరెంటు కాస్త తేలిగ్గా పారుతుంది, అంతే. భయమేసినా చెమట పడుతుంది, పట్టలేని సంతోషం వచ్చినా పడుతుంది, వెనక నుంచి ఎవరో గట్టిగా కేకేసినా పడుతుంది. నాట్యశాస్త్రం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. మనసు కదిలితే ఒంటి మీద తెలిసే సాత్త్విక భావాలు ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. నీ రేకులకి అందేది వీటిలో స్వేదం, అంటే చెమట, ఒక్కటే. అది కోపం వల్లా, భయం వల్లా, హర్షం వల్లా, సిగ్గు వల్లా, తాపం వల్లా పుడుతుందని కూడా అక్కడే ఉంది. మే నెలలో మన ఊళ్లో ఎండ ఒక్కటి చాలు, నీ తెర మీద ఊరందరికీ భయమని పడుతుంది.

అబద్ధం పట్టడానికని చేసే పాలిగ్రాఫ్ పరీక్షలో తీసుకునే కొలతల్లో కూడా ఈ చెమట ఒకటి. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చెయ్యకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కొత్త కోడలు అత్తగారి పక్కన నిలబడి సరదాగా వేలు పెట్టిందనుకో. తెర మీద ‘భయం’ అని పడితే ఆ మాట ఆ పిల్ల ఇంటిదాకా మోసుకుపోవాలి. కళ పేరు చెప్పి మనం ఆ పని చెయ్యకూడదమ్మా.

అందుకని రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఒక్కోదాని ముందు ఒక దీపం, రేకుల పక్కనే నాడి చూసే సెన్సరు పెట్టు. ఈవిడ నాడి ఆవిడ ముందున్న దీపంలో కొట్టుకోవాలి, ఆవిడది ఈవిడ ముందు. చెమట మారినప్పుడు ఆ దీపం రంగు మెల్లగా చిక్కబడాలి. అంతకుమించి యంత్రం ఏమీ చెప్పకూడదు. ఏమైంది, ఎందుకు అట్టా కొట్టుకుంటోంది అని వాళ్లిద్దరూ ఒకరినొకరు అడుక్కోవాలి. ఆ అడగడమే నీ కళ.

ఒంటరిగా వచ్చినవాళ్ల సంగతేంటంటావు. దానికి జవాబు మన ఊళ్లోనే ఉంది. మొహరం అప్పుడు రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం ఏం చేస్తారో గుర్తు తెచ్చుకో. ఉద్యోగం వచ్చినవాళ్లు ఉద్యోగ రొట్టె తెచ్చి ఇస్తారు, కావలసినవాళ్లు పుచ్చుకుంటారు. కోరిక తీరితే మళ్లీ వచ్చి తామూ ఇస్తారు. ఇచ్చేవాళ్లెవరో పుచ్చుకునేవాళ్లకి తెలియనక్కర్లేదు. మతం, కులం ఎవరూ అడగరు. ఎట్టా చెయ్యాలో ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు, పక్కవాళ్లని చూసి నేర్చుకుంటారు. నీ యంత్రానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. ఒక్కరే వస్తే, అంతకుముందు కూర్చున్న మనిషి వదిలి వెళ్లిన నాడి ఎదుటి దీపంలో కొట్టుకోనీ. వీళ్లు లేచేటప్పుడు తమది వదిలి వెళ్తారు. రాఫేల్ లొజానో-హెమ్మర్ అనే కళాకారుడు 2006లో ‘పల్స్ రూమ్’ అని చేశాడు. పిడి పట్టుకున్నవాళ్ల నాడి ఒక బల్బులో మొదలవుతుంది, వదిలాక గదిలోని బల్బుల వరసలో చేరి, కొత్తవాళ్లు వచ్చేకొద్దీ ఒక్కో బల్బూ ముందుకు జరుగుతుంది. ఆ పని గురించి చదువు. కానీ నీది ఇద్దరు మనుషుల మధ్య జరగనీ.

దాచుకునేది నాడి వేగం ఒక్కటే. పేరు, ఫొటో, గొంతు ఏదీ వద్దు.

ఇక పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముఖ్యమైంది ఇది: మనిషి చర్మాన్ని తాకే భాగానికి గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు. చౌక అడాప్టరు లోపల ఇన్సులేషన్ చెడితే ఆ కరెంటు నేరుగా ఒంటికి తగులుతుందని పాలిటెక్నిక్‌లో నా పిల్లలందరికీ మొదటి రోజే చెప్పేదాన్ని. సెన్సర్లూ వాటి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డూ పవర్ బ్యాంకు మీద నడవాలి. దీపాలకి వేరే ఈఎస్‌పీ32, గోడ ప్లగ్గు నుంచి కరెంటిచ్చే వేరే ఎస్ఎంపీఎస్ సప్లై. రెంటికీ మధ్య ఒక్క తీగ కూడా ఉండకూడదు, ఈఎస్‌పీ-నౌ అనే వైర్లెస్ పద్ధతి మీద మాట్లాడుకోనీ. దానికి రౌటరు అక్కర్లేదు, హాలు వైఫైతో నీకు పనే ఉండదు. మరీ తక్కువ కరెంటు లాగితే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి, రాత్రంతా నడిపి చూసుకో. ఆ వైర్లెస్ రేడియో నడుస్తుండగా, బోర్డు మీద సెన్సరు వోల్టేజి చదివే పిన్నుల్లో ఏడీసీ2 అనే గుంపు పనిచెయ్యదు, సెన్సర్లని 32 నుంచి 39 లోపు పిన్నులకే కలుపు.

చెమట కొలతని అంకెగా నమ్మొద్దు. కూర్చున్న మొదటి అర నిమిషం ఆ మనిషి మామూలు స్థాయి పట్టుకుని, దానిమీద ఎంత మారిందో అదే చూపించు. ఆ మార్పు కూడా మనసు కదిలిన 1 నుంచి 3 సెకన్ల తర్వాత గానీ రాదు. ఆలస్యం అయిందని కంగారుపడి కోడు మార్చొద్దు. నాడి సెన్సరు వేలి మీద పచ్చ వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగు చూస్తుంది. పైనుంచి ట్యూబులైటు వెలుగు పడినా, వేలు గట్టిగా నొక్కినా, కదిలినా అంకెలు చెడతాయి. నల్ల గుడ్డతో చిన్న గూడు కుట్టు. రేకులు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకో, రాగి మన ఉప్పు చెమటకి నల్లబడుతుంది. చెయ్యి ఆనించే పిడి చెక్కది అయితే బాగుంటుంది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్లని అడుగు, నీ అరచేతి కొలతకి చెక్కి ఇస్తారు.

దీపాలకి వాడే డబ్ల్యూఎస్2812బీ రంగుల ఎల్ఈడీ ఒక్కొక్కటీ పూర్తి తెలుపులో దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 150 పెడితే 9 ఆంపియర్లు. సప్లై 5 వోల్టులకి 12 ఆంపియర్లది తీసుకుని ఎల్ఈడీ స్ట్రిప్పుకి రెండు చివర్లా కరెంటు ఇవ్వు. సప్లై దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, డేటా తీగలో 330 ఓముల రెసిస్టరు పెట్టు. ఎల్ఈడీ చుక్కలు నేరుగా కంటికి కొట్టకుండా ముందు ఏదైనా ఉండాలి. తోలుబొమ్మలకి వాడే పలచటి మేకతోలు దొరికితే అంతకంటే అందమైంది లేదు, రంగు దానిలోంచి వచ్చేటప్పుడు మెత్తబడుతుంది. దొరక్కపోతే తెల్ల ధోవతి గుడ్డ, ఎల్ఈడీల నుంచి నాలుగు వేళ్ల దూరంలో.

మనిషి వచ్చాడని తెలుసుకోవడానికి పీఐఆర్ సెన్సరు రాశావు. అది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా చూసి పనిచేసేది. బయట 40 డిగ్రీలు దాటితే తడబడుతుంది. కుర్చీ కింద ఒక స్విచ్ చాలు.

మన జనానికి ప్రదర్శనలో వస్తువు ముట్టుకోవాలంటే జంకు. కాబట్టి ఎవరూ లేనప్పుడు కూడా వదిలి వెళ్లిన నాడి నెమ్మదిగా కొట్టుకుంటూ ఉండాలి, మొదటి రోజు నువ్వే ఒక కుర్చీలో కూర్చోవాలి. కరెంటు పోయి వస్తే ఎవరూ ముట్టుకోకుండానే మొదలవ్వాలి, ల్యాప్‌టాప్ అవసరం రాకూడదు.

హాలుకి తీసుకెళ్లే ముందు మీ జేజినీ, ఆవిడతో ఈ మధ్య మాటల్లేని మీ అత్తనీ ఎదురెదురుగా కూర్చోబెట్టు, ఇద్దరూ ఒప్పుకుంటేనే. నువ్వు ఏమీ వివరించొద్దు. ముందు ఎవరు నోరు తెరిచారో, ఏ దీపం చూసి తెరిచారో రాసి పంపు, రంగులు ఎంత మెల్లగా మారాలో దాన్నిబట్టి చెప్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ